పిల్లల టీకాల చార్ట్ పాతదా, కొత్తదా? అసలు లిస్ట్ ఎక్కడ ఉంటుంది.. వ్యాక్సిన్‌కి పర్మిషన్ ఉందో లేదో ఎలా చూడాలి?

ఇంట్లో చంటిబిడ్డ ఉంటే చాలు, ఫోన్‌లో టీకాల చార్ట్ ఫోటో ఒకటి ఉండి తీరుతుంది. వదినో, పిన్నో, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో పంపి ఉంటారు. రంగులు బాగుంటాయి. కింద ఏదో లోగో కూడా ఉంటుంది. తేదీ మాత్రం ఉండదు. చిక్కంతా అక్కడే. గత పదేళ్లలో మన జాతీయ టీకాల పట్టిక చాలాసార్లు మారింది. పాత చార్ట్ పట్టుకుని లెక్కేసుకుంటే, బిడ్డకి ఒక డోసు పడలేదన్న సంగతే మనకి తెలియదు.

మీ దగ్గరున్న చార్ట్ ఏ కాలం నాటిదో కనిపెట్టడం పెద్ద కష్టం కాదు. నేరుగా 9 నెలల గడి చూడండి. అక్కడ ఎంఆర్ టీకాతో పాటు 'ఎఫ్‌ఐపీవీ 3' అని ఉందా? ఎఫ్‌ఐపీవీ అంటే చర్మం పొరలో తక్కువ మోతాదులో ఇచ్చే పోలియో ఇంజెక్షన్. మొదట్లో 6 వారాలకు, 14 వారాలకు రెండే డోసులు ఇచ్చేవారు. 2023 నుంచి 9 నెలల దగ్గర మూడోది కలిపారు. అది లేదంటే చార్ట్ అంతకుముందుదే. అదే గడిలో పీసీవీ బూస్టర్ కూడా ఉండాలి. న్యుమోనియా నుంచి కాపాడే ఈ టీకా దేశమంతటా అందుబాటులోకి వచ్చింది 2021లో. ఇక 9 నెలలకు ఎంఆర్ బదులు ఒట్టి 'మీజిల్స్' అని ఉందనుకోండి, ఆ ఫోటో డిలీట్ చేసేయొచ్చు. ఏపీ, తెలంగాణల్లో తట్టు, రుబెల్లా కలిపి ఎంఆర్ టీకా మొదలైంది 2017లోనే. గర్భిణుల వరుసలో 'టీడీ'కి బదులు 'టీటీ' అని ఉన్నా అంతే, పాత సరుకు.

మరి అసలు పట్టిక ఎక్కడ?

అందరికంటే ముందు మీ చేతిలోనే ఉంది. గర్భం నమోదైనప్పుడు ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డు, అదే ఎంసీపీ కార్డు. టీకా ఎప్పుడు వేయాలో, ఎప్పుడు వేశారో రెండూ అందులోనే ఉంటాయి. ప్రైవేట్‌లో డెలివరీ అయినవాళ్లు చాలామంది దీన్ని బీరువాలో పెట్టి మర్చిపోతారు. తీసి చూసుకోండి.

ఆన్‌లైన్‌లో అయితే కేంద్ర ఆరోగ్య శాఖ, నేషనల్ హెల్త్ మిషన్ వెబ్‌సైట్లు. అడ్రస్ చివర 'గవ్ డాట్ ఇన్' ఉందో లేదో చూడండి. ఇక్కడ కూడా ఒక జాగ్రత్త కావాలి. గవర్నమెంట్ సైట్లో పాత పీడీఎఫ్‌లు కూడా అలాగే ఉండిపోతాయి. గూగుల్‌లో మొదట వచ్చిందే కొత్తది అనే రూల్ ఏమీ లేదు. పైన చెప్పిన 9 నెలల గడి పరీక్ష దానికీ పెట్టండి. డౌట్ ఉంటే మీ ఏరియా ఏఎన్ఎంని అడగడం బెస్ట్. ఏ జిల్లాలో మెదడువాపు టీకా (జేఈ) ఇస్తున్నారో ఆవిడకే సరిగ్గా తెలుస్తుంది. ఎందుకంటే అది అన్ని జిల్లాల్లో ఉండదు, ఆ వ్యాధి ఎక్కువగా ఉన్న చోట్లే ఇస్తారు.

యూ-విన్ పోర్టల్ ఇంకో దారి. కోవిడ్ టైమ్‌లో వాడిన కో-విన్ లాంటిదే, కాకపోతే ఇది గర్భిణులకు, పిల్లలకు. మొబైల్ నంబర్, ఓటీపీతో లాగిన్ అయితే వేసిన డోసులు, వేయాల్సినవి కనిపిస్తాయి. సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

'డాక్టర్ గారి లిస్ట్‌లో ఎక్కువ ఉన్నాయే!'

ఉంటాయి. ప్రైవేట్ పిల్లల డాక్టర్లు ఎక్కువగా ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పట్టికను ఫాలో అవుతారు. అందులో టైఫాయిడ్, హెపటైటిస్ ఏ, చికెన్‌పాక్స్, ఎంఆర్‌కి బదులు గవదబిళ్లలు కూడా కలిపిన ఎంఎంఆర్ ఉంటాయి. అంతమాత్రాన గవర్నమెంట్ లిస్ట్ తక్కువదని కాదు, డాక్టర్ డబ్బుల కోసం రాశారనీ కాదు. ఒకటి దేశంలోని పిల్లలందరికీ ఉచితంగా ఇవ్వాల్సిన టీకాల పట్టిక. ఇంకోటి ఒక్కో బిడ్డకి ఇంకా ఏం ఇవ్వొచ్చో డాక్టర్లకు చెప్పే సిఫార్సు. బడ్జెట్ లేనివాళ్లు ఈ అదనపు టీకాల గురించి కంగారుపడి, ఉచితంగా దొరికేవి వాయిదా వేయడం మాత్రం కరెక్ట్ కాదు.

'అనుమతి' అంటే ఎవరి అనుమతి?

ఇది పూర్తిగా వేరే ప్రశ్న. టీకా ఎప్పుడు వేయాలో చెప్పే వెబ్‌సైట్‌లో, ఆ టీకాకి పర్మిషన్ ఉందో లేదో దొరకదు. దానికి సీడీఎస్‌సీఓ వెబ్‌సైట్‌కి వెళ్లాలి. డ్రగ్స్ కంట్రోలర్ జనరల్, అంటే డీసీజీఐ ఉండేది ఈ సంస్థలోనే. వ్యాక్సిన్ల సమాచారం 'బయోలాజికల్స్' విభాగంలో ఉంటుంది. బ్రాండ్ పేరు కొడితే దొరక్కపోవచ్చు. 'టైఫాయిడ్ కాంజుగేట్ వ్యాక్సిన్' లాంటి అసలు పేరుతో, కంపెనీ పేరుతో వెతకండి. ఆ రెండూ వ్యాక్సిన్ పెట్టె మీదే ఉంటాయి.

అదే సైట్‌లో నిపుణుల కమిటీ మీటింగ్ వివరాలు కూడా పెడతారు. అక్కడే చాలామంది పొరబడతారు, మీడియాలో ఉన్న మాతో సహా. కమిటీ సిఫార్సు చేసిందంటే పర్మిషన్ వచ్చేసినట్టు కాదు. ఫైనల్ మాట డీసీజీఐది. ఆ పర్మిషన్ వచ్చాక కూడా అది గవర్నమెంట్ ఉచిత టీకాల్లో చేరినట్టు కాదు. దానికి ఎన్‌టీఏజీఐ అనే సాంకేతిక సలహా బృందం సిఫార్సు, ఆపైన ఆరోగ్య శాఖ నిర్ణయం కావాలి. 'గ్రీన్ సిగ్నల్' అని స్క్రోలింగ్ కనిపిస్తే, ఇందులో ఏ మెట్టు దగ్గర ఉందో చూసుకోండి.

ఇంకో తేడా మన హైదరాబాద్ వ్యాక్సిన్‌తోనే తెలిసొచ్చింది. కొవాగ్జిన్‌కి ఇండియాలో అత్యవసర అనుమతి 2021 జనవరి 3న వచ్చింది. డబ్ల్యూహెచ్‌ఓ తన లిస్ట్‌లో చేర్చింది నవంబర్ 3న. సరిగ్గా పది నెలలు. ఆ మధ్యలో విదేశాలకు బయల్దేరిన విద్యార్థుల్లో చాలామందికి రెండు డోసులు వేయించుకున్నా కొన్ని దేశాల్లో, కొన్ని యూనివర్సిటీల్లో లెక్కలోకి రాలేదు. ఒక దేశం అనుమతి ఇంకో దేశంలో చెల్లాలని లేదు. పిల్లల్ని తీసుకుని అమెరికానో, దుబాయో వెళ్తున్నవాళ్లు అక్కడి ప్రభుత్వ పట్టిక విడిగా చూసుకోవాల్సిందే. ఇక్కడ పుట్టగానే వేసే బీసీజీ అమెరికా పిల్లల పట్టికలో ఉండదు. ఇక్కడి కార్డు మాత్రం తప్పకుండా వెంట తీసుకెళ్లండి.

వేయించే ముందు ఒక్క నిమిషం

పర్మిషన్ ఉన్న వ్యాక్సిన్ కూడా బ్యాచ్ బ్యాచ్‌కి పరీక్ష అయ్యాకే మార్కెట్లోకి వస్తుంది. హిమాచల్‌లోని కసౌలిలో ఉన్న సెంట్రల్ డ్రగ్స్ ల్యాబొరేటరీ ఈ పని చేస్తుంది. మనం చేయగలిగింది, పెట్టె చూపించమని అడగడం. బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, లైసెన్స్ నంబర్ చూసి ఫోటో తీసుకోండి. నర్సమ్మ విసుక్కున్నా పర్లేదు. ప్రభుత్వ కేంద్రాల్లో వాడే సీసా మీద చిన్న వృత్తం, లోపల ఒక చదరం ఉంటాయి. చదరం వృత్తం కంటే లేత రంగులో ఉంటే వాడొచ్చు. రెండూ ఒకే రంగులోకి వచ్చినా, చదరం ఇంకా ముదురైనా ఆ సీసా వేడి తగిలి పాడైనట్టే.

చార్ట్ సరిచూస్తే ఒక డోసు మిస్ అయిందని తేలిందా? మొదటి నుంచి మళ్లీ వేయించక్కర్లేదు. ఆగిన చోటు నుంచి కొనసాగిస్తారు. కాకపోతే కొన్నిటికి వయసు పరిమితి ఉంది. జాతీయ కార్యక్రమంలో బీసీజీ, పెంటావాలెంట్ మొదటి డోసు ఏడాది లోపే ఇస్తారు. హెపటైటిస్ బి బర్త్ డోసుకైతే పుట్టాక 24 గంటలే టైమ్. ఎంఆర్ ఐదేళ్ల వరకు వేస్తారు. కార్డు పోయినా వెనక్కి తగ్గొద్దు, ఏఎన్ఎం రిజిస్టర్‌లోనో, యూ-విన్‌లోనో రికార్డు దొరికే అవకాశం ఉంది. చాలా సబ్‌సెంటర్లలో టీకాలు వేసేది బుధ, శనివారాల్లో. వెళ్లేటప్పుడు రిజిస్టర్ చేసిన ఫోన్ నంబర్ గుర్తుపెట్టుకుని వెళ్లండి.