తమిళ సినిమాలో గుణచిత్ర నటులు: రంగస్థల మూలాలు, వృత్తిజీవితాలు

కీలక పదాలు: తమిళ సినిమా, గుణచిత్ర నటులు, బాలనాటక సమాజాలు, సభా నాటకం, ద్విభాషా చిత్రాలు, కూత్తుప్పట్టరై

1. ఉపోద్ఘాతం

తమిళ సినిమా చరిత్రను యుగాలుగా విభజించేటప్పుడు కథానాయకుల జంటలను ప్రమాణంగా తీసుకోవడం పరిపాటి. త్యాగరాజ భాగవతార్-పి.యు. చిన్నప్ప, ఎం.జి. రామచంద్రన్-శివాజీ గణేశన్, రజనీకాంత్-కమల్ హాసన్ అనే వరుస పత్రికా వ్యాసాలలోనే కాక పరిశోధన గ్రంథాలలోనూ స్థిరపడింది. సినిమాకూ రాజకీయాధికారానికీ తమిళనాట ఏర్పడిన బంధం ఇందుకు ప్రధాన కారణం. ఎం.ఎస్.ఎస్. పాండియన్ రచించిన 'ది ఇమేజ్ ట్రాప్' (1992) ఎం.జి.ఆర్. ప్రతిరూపాన్ని విశ్లేషించి ఒక మార్గం వేసింది. తెలుగులో చిరంజీవిని కేంద్రంగా చేసుకొని ఎస్.వి. శ్రీనివాస్ చేసిన అధ్యయనం కూడా తారనే పరిశీలనాంశంగా స్వీకరించింది. ఈ అధ్యయనాల విలువ కాదనలేనిది. అయితే ఈ విభజనలో ఇమడని నటవర్గం ఒకటి ఉంది.

టి.ఎస్. బాలయ్యనే తీసుకుందాం. 1936లో ఎల్లిస్ ఆర్. డంగన్ దర్శకత్వంలో వచ్చిన 'సతీ లీలావతి'లో ఆయన ప్రతినాయకుడు. అదే చిత్రంతో పరిచయమైన ఎం.జి.ఆర్.ది చిన్న పాత్ర. 1964లో 'కాదలిక్క నేరమిల్లై'లో బాలయ్య హాస్య ఛాయలున్న తండ్రి; 1965లో 'తిరువిళైయాడల్'లో విద్యాగర్వంతో విర్రవీగే హేమనాథ భాగవతార్; 1968లో 'తిల్లానా మోహనాంబాళ్'లో తవిల్ విద్వాంసుడు. భాగవతార్ కాలానికి ముందే ఉన్నవాడు, శివాజీ ఉచ్ఛదశలోనూ ఉన్నవాడు ఏ యుగానికి చెందుతాడు? తారల లెక్కతో ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు. నటులకు శిక్షణనిచ్చిన రంగస్థల సంస్థల లెక్కతో దొరుకుతుంది. ఆ దృష్టితో కొన్ని వృత్తిజీవితాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పరిభాష గురించి ఒక మాట. తమిళంలో 'తుణై నడిగర్', 'గుణచ్చిత్తిర నడిగర్' అనే రెండు వ్యవహారాలున్నాయి. మొదటి దానిని గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులకు కూడా వాడతారు. రెండవది పాత్రకు స్వభావ పుష్టి చేకూర్చే నటునికి దక్కే గౌరవవాచకం. తెలుగులో పత్రికలు వాడే 'గుణచిత్ర నటుడు' ఈ రెండవ మాటకు సమానం. 'సహాయ నటుడు' అన్నప్పుడు ఎవరికి సహాయమన్న ప్రశ్న వెంటనే వస్తుంది, దానికి జవాబుగా కథానాయకుడే మళ్ళీ ముందుకు వస్తాడు. అందువల్ల ఇక్కడ 'గుణచిత్ర నటుడు' అనే పదమే స్వీకరించబడింది.

2. బాలనాటక సమాజాలు

శంకరదాస్ స్వామిగళ్ (1867-1922) 1918లో మదురైలో తత్త్వ మీనలోచనీ విద్వత్ బాలసభను నెలకొల్పారు. 'బాయ్స్ కంపెనీ'లుగా పేరుపడిన ఇటువంటి సమాజాలు తొలి తరం తమిళ సినిమాకు నటులను అందించాయి. పేద కుటుంబాల బాలురు పదేళ్ళయినా నిండకముందే వీటిలో చేరేవారు. తిండీ బసా సమాజానివే. పాట, పద్యం, సంభాషణ, నడక అన్నీ అక్కడే నేర్వాలి. స్త్రీ పాత్రలూ వారివే. గొంతు మారే వయసును తమిళ నాటకరంగం 'మగరక్కట్టు' అని పిలిచింది. ఆ దశ రాగానే నాయికగా వెలిగిన బాలుడు పాట కోల్పోయేవాడు, వేషం కోల్పోయేవాడు. ప్రతినాయకుడిగానో, విదూషకుడిగానో, ముసలివాడిగానో తిరిగి నిలదొక్కుకోవలసి వచ్చేది.

ఈ వ్యవస్థలో 'నాయకుడు' శాశ్వత హోదా కాదన్నది కీలకమైన విషయం. అది వయసును బట్టి, గొంతును బట్టి చేతులు మారే వేషం. సినిమా వచ్చాక నాయకత్వం ఒక మనిషికి అంటిపెట్టుకుంది. ఎం.జి. రామచంద్రన్, ఆయన అన్న ఎం.జి. చక్రపాణి ఒకే ఇంటి నుండి మదురై ఒరిజినల్ బాయ్స్ కంపెనీలో చేరారు. తమ్ముడు పదకొండేళ్ళపాటు చిన్న పాత్రలు వేసి 1947లో 'రాజకుమారి'తో నాయకుడయ్యారు. అన్న చివరిదాకా గుణచిత్ర నటుడిగానే ఉండిపోయారు. శిక్షణ ఒకటే, రంగం ఒకటే. ఈ తేడాను ప్రతిభ ఒక్కదానితో వివరించడం తొందరపాటవుతుంది. రూపం, వయసు, స్టూడియోల అవసరం, అవకాశం వచ్చిన ఘడియ — ఇవన్నీ ఇందులో కలిశాయి.

ఎం.ఎన్. నంబియార్ (1919-2008) బాల్యంలోనే నవాబ్ రాజమాణిక్యం సమాజంలో చేరారు. ఆయన తొలి చిత్రం 1935 నాటి 'భక్త రామదాస్'. భద్రాచల రామదాసు కథ తమిళ నాటకరంగం మీదుగా తెరకెక్కిన ఆ చిత్రంలో నంబియార్ మాదన్న పాత్ర ధరించారు. 1950లో 'దిగంబర సామియార్'లో పలు మారువేషాలు వేసే ప్రధాన పాత్ర ఆయనదే. నాయకుడు కాగల సామర్థ్యం ఆయనకు లేకపోలేదు. అయితే ఎం.జి.ఆర్. ప్రతిరూపం బలపడిన కొద్దీ ఆ ప్రతిరూపానికి ఎదురు నిలిచే స్థిరమైన దుష్టుడు పరిశ్రమకు అవసరమయ్యాడు. 'రాముడు భీముడు' (1964) తమిళంలో 'ఎంగ వీట్టు పిళ్ళై' (1965) అయినప్పుడు తెలుగులో రాజనాల ధరించిన పాత్ర నంబియార్‌కు వచ్చింది. కొరడా పట్టిన ఆ దుష్టుడు లేనిదే ఎం.జి.ఆర్. పీడితుల రక్షకుడు కాలేడు. ఆ ప్రతిరూప నిర్మాణంలో నంబియార్ వాటా ఎంతో ఇంకా ఎవరూ సరిగా తూచలేదు.

ఎం.ఆర్. రాధ విషయంలో చరిత్ర మరింత అన్యాయం చేసింది. 'రత్తక్కణ్ణీర్' నాటకాన్ని ఊరూరా ఆడి, 1954లో అదే పేరుతో చిత్రంగా మలచినప్పుడు కథాభారమంతా మోసిన నటుడాయన. ఆ నాటకాన్నే తెలుగులో 'రక్తకన్నీరు'గా ఏళ్ళ తరబడి ప్రదర్శించి నాగభూషణం ఇంటిపేరు మార్చుకున్నంత ఖ్యాతి గడించారు. అయినా సామాన్య చరిత్ర గ్రంథంలో రాధ పేరు 1967 జనవరి 12న ఎం.జి.ఆర్.పై కాల్పుల సందర్భంలోనే కనబడుతుంది. అంటే తార జీవితంలో ఒక సంఘటనగా.

3. 1944-47: ఒక కేసు, రెండు ఫలితాలు

తారకూ గుణచిత్ర నటునికీ గల వ్యత్యాసాన్ని చూపడానికి లక్ష్మీకాంతన్ హత్యకేసును మించిన ఉదాహరణ లేదు. 1944 నవంబరులో పత్రికా సంపాదకుడు లక్ష్మీకాంతన్ హత్య జరిగింది. ఆ కేసులో త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్ (1908-57) ఇద్దరూ అరెస్టయ్యారు. ఇద్దరికీ శిక్ష పడింది. ప్రీవీ కౌన్సిల్ జోక్యం తర్వాత 1947 ఏప్రిల్‌లో ఇద్దరూ విడుదలయ్యారు. భాగవతార్ జైలుకు వెళ్ళే నాటికి ఆయన 'హరిదాస్' ఇంకా ఆడుతూనే ఉంది. మద్రాసులో అది మూడు దీపావళులు చూసింది. ఆయన తిరిగి వచ్చాక నటించిన 'రాజముక్తి' (1948) పరాజయం పాలయింది, పూర్వవైభవం మళ్ళీ రాలేదు. కృష్ణన్ మాత్రం 'నల్లతంబి' (1949), 'మణమగళ్' (1951) చిత్రాలతో ముందుకంటె గట్టిగా నిలబడ్డారు. రెండవ దానికి దర్శకుడు కూడా ఆయనే.

ఎందుకిలా జరిగింది? భాగవతార్ ప్రతిరూపం భక్తి, సౌందర్యం, గానం కలగలిసిన పవిత్రతపై నిలిచింది. జైలు ఆ పవిత్రతను తాకింది. కృష్ణన్ హాస్యం లోకం పోకడపై, మూఢనమ్మకాలపై విసురు. దానికి జైలు మచ్చ కాలేదు. ఇది ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైనది సంస్థాగతమైన కారణం. కృష్ణన్‌కు సొంత నాటక సభ ఉంది, సొంత చిత్రనిర్మాణ సంస్థ ఉంది, సహచరి టి.ఎ. మధురం ఉన్నారు. ఆయన జైలులో ఉండగా ఎస్.వి. సహస్రనామం సాయంతో ఆమె నాటక సభను నడిపించారు. వారి నాటకం 'పైత్తియక్కారన్' 1947లో చిత్రంగా వచ్చింది. అందులో ఒక సహాయ పాత్రధారి ఎం.జి.ఆర్.! హాస్యనటుని సంస్థ నిర్మించిన చిత్రంలో రేపటి తార చిన్న వేషం వేసిన ఆ సంవత్సరమే 'రాజకుమారి' విడుదలయిందని గుర్తుంచుకోవాలి.

కృష్ణన్-మధురం హాస్యఘట్టాలను కృష్ణన్ బృందమే రాసుకొని, తీసుకొని, ప్రధాన కథకు జోడించే పద్ధతి ఉండేది. నటుడే రచన, చిత్రీకరణ సిద్ధం చేసుకొని వచ్చే ఈ 'ట్రాక్' పద్ధతి అక్కడితో ఆగలేదు. 1980లలో గౌండమణి-సెంథిల్ జంటకు ఎ. వీరప్పన్ రాసిన హాస్యభాగాలు, 'కరగాట్టక్కారన్' (1989)లోని అరటిపండ్ల ఘట్టంతో సహా, ఆ సంప్రదాయానికి కొనసాగింపే.

4. మద్రాసు స్టూడియోలు, రెండు భాషలు

తెలుగు, తమిళ చిత్రాలు ఒకే సెట్టుపై తయారైన కాలంలో ఏ నటుని మార్చారు, ఎవరిని ఉంచారు అన్నది ఆసక్తికరమైన ఆధారం. 1955 నాటి 'మిస్సమ్మ' తమిళంలో 'మిస్సియమ్మ' అయినప్పుడు ఎన్.టి. రామారావు స్థానంలో జెమినీ గణేశన్, అక్కినేని స్థానంలో తంగవేలు, రమణారెడ్డి స్థానంలో నంబియార్ వచ్చారు. సావిత్రి, జమున, ఎస్.వి. రంగారావు మారలేదు. 'మాయాబజార్' (1957)లోనూ అభిమన్యుడు మారాడు, రేలంగి లక్ష్మణకుమారుడు తంగవేలు అయ్యాడు, ఘటోత్కచుడు మారలేదు. నాయకుడు ఆ ప్రాంతపు మార్కెట్టుకు చెందినవాడు. హాస్యగాడు ఆ ప్రాంతపు యాసకు చెందినవాడు. సరిహద్దు దాటగలిగింది గుణచిత్ర నటుడు. (ఎన్.టి.ఆర్. కృష్ణుడు రెండింటా ఉండటం మినహాయింపు. దేవుడి వేషానికి మార్కెట్టు లెక్క వేరు కాబోలు.)

రంగారావు (1918-74) తమిళ జీవితంలో 'పడిక్కాద మేధై' (1960) మకుటాయమానం. పెంచిన కొడుకుగా శివాజీ ఎదుట ఆయన ధరించిన తండ్రి పాత్రనే తెలుగు 'ఆత్మబంధువు' (1962)లో ఎన్.టి.ఆర్. ఎదుట తిరిగి ధరించారు. ఇద్దరు తారలకు ఒకే తండ్రి. ఈ రెండు చిత్రాలను పక్కపక్కన ఉంచి చేయవలసిన తులనాత్మక అధ్యయనం తెలుగు శాఖలకు మంచి పరిశోధనాంశం.

పసుపులేటి కన్నాంబ ప్రయాణం దీనికి స్త్రీపార్శ్వం. తెలుగు రంగస్థలం నుండి వచ్చి 1942లో తమిళుల ఆరాధ్య నాయిక కణ్ణగిగా నిలిచిన ఆమె, పన్నెండేళ్ళకు ఎల్.వి. ప్రసాద్ 'మనోహర'లో శివాజీకి తల్లి. కరుణానిధి సంభాషణలను ఆమె పలికిన తీరు నేటికీ తమిళులు తలుచుకుంటారు.

5. గుమాస్తాల రంగస్థలం

1950ల చివరికి బాలనాటక సమాజాలు దాదాపు అంతరించాయి. వాటి స్థానంలో మద్రాసు సభలలో సాయంకాలం ఆడే ఉద్యోగుల నాటకాలు వచ్చాయి. కె. బాలచందర్ అకౌంటెంట్ జనరల్ కార్యాలయ ఉద్యోగి. నాగేశ్ (1933-2009) రైల్వే ఉద్యోగి. తర్వాతి కాలపు ఢిల్లీ గణేశ్ వాయుసేనలో పనిచేసి వచ్చారు. నెల జీతం ఉన్నవాడి నాటకం కాబట్టి ఇతివృత్తం కూడా నెల జీతగాడిదే. పద్యం పోయింది, గంభీర గళం పోయింది. తొందరగా మాట్లాడే, తడబడే, బక్కపలుచని మనిషి వచ్చాడు. నాగేశ్ శరీరమే ఈ మార్పుకు ప్రతీక.

బాలచందర్ నాటకం 'సర్వర్ సుందరం' 1964లో కృష్ణన్-పంజు దర్శకత్వంలో చిత్రమయింది. మరుసటి ఏడు 'నీర్‌క్కుమిళి', 1968లో 'ఎదిర్ నీచ్చల్'. మూడింటా నాగేశే కథానాయకుడు. ఇదే కాలంలో ఆయన 'తిరువిళైయాడల్'లో దరిద్ర కవి ధరుమి, 'తిల్లానా మోహనాంబాళ్'లో తార్పుడుగాడు వైత్తి. నాయకుడవుతూనే సహాయ పాత్రలను వదలకపోవడం బాలయ్య తరం ధర్మానికి దగ్గరగా కనిపిస్తుంది. 'కాదలిక్క నేరమిల్లై'లో నాగేశ్ దయ్యం కథ చెబుతుంటే బాలయ్య వణికిపోయే ఘట్టంలో రెండు రంగస్థలాలు ఎదురెదురుగా కూర్చున్నాయి. తెలుగు 'ప్రేమించి చూడు' (1965)లో ఆ స్థానాలు రేలంగికీ చలానికీ దక్కాయి. 'ఎదిర్ నీచ్చల్' తెలుగులో 'సంబరాల రాంబాబు' (1970) అయినప్పుడు కూడా నాగేశ్ పాత్ర చలానిదే.

6. వయసు, స్త్రీ, పురస్కారం

నాయకుని వయసు ఆగిపోయే పరిశ్రమలో నాయిక వయసు రెట్టింపు వేగంతో నడుస్తుంది. 'పరాశక్తి' (1952)లో శివాజీ సరసన నటించిన పండరీబాయి, తనకన్న పెద్దవాడైన ఎం.జి.ఆర్.కు 'కుడియిరుంద కోయిల్' (1968)లో తల్లి. మనోరమ (1937-2015) ఈ గతిని తప్పించుకున్నారు. నాయిక స్థానాన్ని పట్టుకొని వేలాడకపోవడమే ఆమె రక్షణ. 'తిల్లానా మోహనాంబాళ్'లోని జిల్ జిల్ రమామణి నాటకాల నటి; ఆ పాత్రను పోషించింది నాటకాల నుండి వచ్చిన నటే. వెయ్యికి పైగా చిత్రాల తర్వాత కూడా ఆమెను ప్రస్తావించేటప్పుడు ఐదుగురు ముఖ్యమంత్రులతో నటించిన ఘనతే ముందు చెబుతారు. కొలమానం మళ్ళీ తారలే.

జాతీయ చలనచిత్ర పురస్కారాలలో సహాయ నటీనటుల విభాగం 1984 చిత్రాలతోనే మొదలయింది. రంగారావు, బాలయ్య, రాధ ఆ తేదీకి ముందే కన్నుమూశారు. మనోరమకు 'పుదియ పాదై' (1989), నాగేశ్‌కు 'నమ్మవర్' (1994) ద్వారా ఆ గౌరవం దక్కింది. 'ఇరువర్' (1997) అంటే 'ఇద్దరు' అని అర్థం. ఆ ఇద్దరిలో ఒకరైన ప్రకాశ్ రాజ్‌కు వచ్చింది సహాయ నటుని పురస్కారం! విభాగాల గీత ఎక్కడ గీయాలో న్యాయనిర్ణేతలకూ తేలిక కాదు.

7. కూత్తుప్పట్టరై తరువాత

1977లో న. ముత్తుస్వామి స్థాపించిన కూత్తుప్పట్టరై, తెరుక్కూత్తు సంప్రదాయాన్ని ఆధునిక నాటకంతో అనుసంధానించి మూడవ శిక్షణ కేంద్రంగా పరిణమించింది. పశుపతి, గురు సోమసుందరం అక్కడి నుండి వచ్చినవారే. శరీరాన్ని సాధనంగా మలచుకొనే అక్కడి అభ్యాసం బాలసమాజాలను తలపిస్తుంది, కాని అందులో చేరేవారు స్వచ్ఛందంగా వచ్చిన యువకులు. 'సార్‌పట్టా పరంబరై' (2021)లో పశుపతి పోషించిన గురువు రంగన్, నాయకుని పాత్రకు దీటుగా నిలిచింది ఈ అభ్యాసబలంతోనే.

అదే సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగిగా చేరిన విజయ్ సేతుపతి, కొన్నేళ్ళు గుర్తింపు లేని చిన్న వేషాలు వేసి 'తెన్‌మేర్కు పరువక్కాట్రు' (2010)తో కథానాయకుడయ్యారు. ఆ చిత్రానికి జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. అందుకున్నది నాయిక కాదు, తల్లి పాత్రధారిణి శరణ్య పొన్‌వణ్ణన్.