ఎంత చిలకాలి?

ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో 1880లలో వెండి, సీసం కోసం గనులు తవ్వారు. ఆ రాయిలో జింక్ కూడా బాగానే ఉంది కానీ, దాన్ని లాభసాటిగా విడదీయడం అప్పట్లో ఎవరికీ చేతకాలేదు. పొడిచేసిన రాతితో పాటు దాన్నీ బయట పారబోశారు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి గనుల పక్కన లక్షల టన్నుల దిబ్బలు లేచాయి.

ఆ దిబ్బల్ని డబ్బుగా మార్చింది నురగ. రాతిపొడిని నీళ్ళలో కలిపి, కాస్త నూనె వేసి చిలికితే, నూనె పట్టిన ఖనిజపు రేణువులు గాలిబుడగలకి అతుక్కుని పైకి తేలతాయి. ఇసుక తడిసి అడుగుకి పోతుంది. కవ్వం తెలిసిన మనకి ఇది వింతేం కాదు. కాకపోతే వెన్న నీటికంటే తేలిక, జింక్ ఖనిజం నాలుగు రెట్లు బరువు. బుడగ చెయ్యి వదిలిందా, మునిగిపోతుంది.

లండన్‌లోని మినరల్స్ సెపరేషన్ కంపెనీ తరఫున సుల్మన్, పికార్డ్, బాలట్ 1905లో తీసుకున్న పేటెంట్ సారాంశం రెండు ముక్కల్లో చెప్పొచ్చు: నూనె బాగా తగ్గించు, గట్టిగా చిలుకు. అమెరికాలో జేమ్స్ హైడ్ ఇదే పద్ధతి వాడాడని కంపెనీ దావా వేసింది. 1916లో సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పుని ఒక రచనలా చదివితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నూనెకి కొలత ఉంది: ఖనిజం బరువులో ఒక శాతం కంటే తక్కువ. చిలకడానికి మాత్రం కొలత లేదు. మునుపటి పద్ధతుల కంటే ఎక్కువగా, వేరుగా చిలికారు అని మాత్రమే ఉంది. నూనెకి అంకె దొరికింది, చిలకడానికి విశేషణమే మిగిలింది.

ఆ విశేషణాన్ని అంకెగా మార్చడానికి దశాబ్దాలు పట్టింది. 1948లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త సదర్లాండ్ తొలి లెక్క కట్టాడు. రేణువు బుడగని ఢీకొనాలి, అతుక్కోవాలి, ఊడిపోకుండా ఉండాలి. మూడూ జరిగితేనే పని అయినట్టు. మరీ సన్నటి రేణువులకి మొదటి మెట్టే కష్టం. బుడగ చుట్టూ పక్కకి తప్పుకునే నీటితో పాటే అవీ తప్పుకుంటాయి, బుడగని తాకవు. అయితే ఆయన లెక్కలో నీళ్ళు సాఫీగా పారతాయి. నిజం తొట్టిలో మర తిరుగుతుంటే పెద్ద సుడులు చిన్న సుడులుగా విరుగుతూ ఉంటాయి.

సుడుల లెక్క ఇంకో వైపు నుంచి వచ్చింది. 1956లో శాఫ్‌మన్, టర్నర్ అల్లకల్లోలమైన మబ్బుల్లో నీటి బిందువులు ఎలా ఢీకొంటాయో లెక్కగట్టారు. ఆ తరహా ఆలోచనే తర్వాత నురగ తొట్టిలోకీ వచ్చింది. 1970లలో తూర్పు జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో షూబర్ట్ బృందం టర్బ్యులెన్స్‌ని తొట్టి పనితీరుతో ముడిపెట్టింది. అక్కడివాడే అయిన షుల్జ్ రెండో వైపు చూశాడు. సుడిలో బుడగ గిర్రున తిరిగితే, దానికి అతుక్కున్న బరువైన రేణువు విసిరేసినట్టు ఊడిపోతుంది.

అసలు చిక్కు ఇదే. సన్న రేణువు బుడగని కలవాలంటే గట్టిగా చిలకాలి. ముతక రేణువు బుడగని వదలకుండా ఉండాలంటే మెల్లగా చిలకాలి. రెండు రకాలూ ఉండేది ఒకే తొట్టిలో. అందరికీ సరిపోయే వేగం అంటూ ఒకటి లేదు.

1980లలో న్యూకాజిల్ విశ్వవిద్యాలయపు గ్రేమ్ జేమ్సన్ ఈ రెండు పనుల్నీ రెండు చోట్లకి విడదీశాడు. ఆయన యంత్రంలో తిరిగే మర లేదు. సన్నటి నిలువు గొట్టంలో జోరుగా పడే ధార గాలిని లాక్కుని, బుడగల్నీ రేణువుల్నీ కలిపేస్తుంది. కింద తొట్టిలో నీళ్ళు నెమ్మదిస్తాయి, అక్కడ నురగ విడిపోతుంది. బ్రోకెన్ హిల్ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోనే న్యూకాజిల్ కూడా ఉంది.

అంతమాత్రాన సమస్య తీరిపోలేదు. మంచి ఖనిజం తరిగే కొద్దీ రాతిని ఇంకా మెత్తగా నూరాల్సి వస్తోంది, సన్న రేణువులు పెరుగుతున్నాయి. మన ఫోన్లకీ కరెంటు తీగలకీ కావాల్సిన రాగి కూడా చాలావరకు ఈ నురగ మీదే తేలి వస్తుంది. బుడగని కలవలేకపోయిందీ, కలిసి ఊడిపోయిందీ ఇప్పటికీ దిబ్బలకే పోతోంది.