గృహాధారిత శ్రమ, చట్టం, చరిత్ర: స్విట్జర్లాండ్ చుట్టల సీమ, బాల్కొండ బీడీల ప్రాంతం

ఉపోద్ఘాతం

స్విట్జర్లాండ్ అనగానే మనకు మంచుకొండలు, గడియారాలు, బ్యాంకులు గుర్తుకు వస్తాయి. కానీ ఆ దేశం సంపన్నం కావడానికి ముందు రెండు శతాబ్దాలకు పైగా అక్కడి పల్లెల్లో లక్షలాది చేతులు ఇళ్లలోనే కూర్చొని వర్తకుల కోసం పనిచేశాయి. నూలు వడికిన చేతులు, పట్టు రిబ్బన్లు నేసిన చేతులు, కుట్టుపని చేసిన చేతులు, పొగాకు చుట్టిన చేతులు అందులో ఉన్నాయి. నిజామాబాదు జిల్లా బాల్కొండ, ఆర్మూరు, భీమ్‌గల్ ప్రాంతాల్లో ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చేసే స్త్రీల శ్రమకు ఈ స్విస్ చరిత్ర దగ్గరి పోలిక. రెండు చోట్లా పని జరిగే స్థలం ఇల్లు. రెండు చోట్లా చట్టం చాలాకాలం ఆ ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. ఆ గడప ఎప్పుడు, ఎలా దాటింది, దాటిన తరువాత ఏమి జరిగింది అన్నది పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. అదే స్విట్జర్లాండ్‌లోని జెనీవా నగరం నేడు బీడీ కార్మికురాలి భవిష్యత్తును నిర్ణయించే రెండు అంతర్జాతీయ ఒడంబడికలకు నిలయం కావడం ఈ పరిశీలనకు మరొక కారణం.

స్విస్ పల్లెల్లో ఇంటి పరిశ్రమ

పద్దెనిమిదవ శతాబ్దినాటికి జ్యూరిచ్ ఎగువ సీమలో పత్తి వడకడం, నేయడం, బాసెల్ గ్రామాల్లో పట్టు రిబ్బన్ల నేత, జూరా కొండల్లో గడియారాల భాగాల తయారీ విస్తరించాయి. సెయింట్ గాలెన్ ప్రాంతంలో పత్తి నేత తరువాత కుట్టుపని ప్రధాన వృత్తి అయింది. పద్ధతి అన్నిచోట్లా దాదాపు ఒక్కటే. నగరంలోని వర్తకుడు ముడిసరుకు పంపిస్తాడు. మధ్యవర్తి దాన్ని పల్లెకు చేరుస్తాడు. కుటుంబమంతా కలిసి పనిచేస్తుంది. తయారైన సరుకును మధ్యవర్తి తీసుకొని, నచ్చనిదాన్ని తిరస్కరించి, మిగిలినదానికి లెక్కకట్టి కూలి ఇస్తాడు.

పంతొమ్మిదవ శతాబ్ది మధ్యకాలం నుండి ఆర్గావు రాష్ట్రంలోని వీనెన్‌టాల్, జేటాల్ లోయల్లో చుట్టల పరిశ్రమ వేళ్లూనింది. రెండు కొసలూ కోసిన పొట్టి చుట్టను అక్కడ ‘ష్టుంపెన్’ అంటారు. ఆ పేరుమీదుగానే మెన్‌జికెన్, రైనాఖ్ వంటి ఊళ్లున్న ఆ సీమకు ‘ష్టుంపెన్‌లాండ్’, అంటే చుట్టల సీమ, అనే వ్యవహారం ఏర్పడింది. కార్ఖానాలతో పాటు ఇళ్లలోనూ అక్కడ పొగాకు పని సాగింది. సొంత పొలం చాలని కుటుంబాలకు అది ఆధారం. బాల్కొండ ప్రాంతపు పాఠకునికి ఈ దృశ్యం కొత్తది కాదు.

ఈ ఇంటి పరిశ్రమ కేవలం ఆర్థిక విషయం కాదని చూపిన చరిత్రకారుడు రూడోల్ఫ్ బ్రౌన్. 1960లో వెలువడిన తన గ్రంథంలో ఆయన జ్యూరిచ్ ఎగువ సీమ ప్రజల జీవితాన్ని పరిశీలించాడు. భూమి వారసత్వంగా రాని యువతీయువకులు కూడా వడకడం, నేయడం వల్ల పెళ్లి చేసుకొని వేరు కాపురం పెట్టగలిగారని, దానితో ఇళ్ల కట్టుబడి, ఆచారాలు, ఆహారం మారాయని నిరూపించాడు. ఉత్తర తెలంగాణలో పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు పిల్లకు బీడీలు చేయడం వచ్చునా అని అడిగే వాడుకను ఈ వెలుగులో చూడవచ్చు. చేతిపని కట్నంతో పాటు తూగే ఆస్తి అయింది.

చట్టం చూడని ఇల్లు

కార్మిక చట్టాల చరిత్రలో స్విట్జర్లాండ్‌ది ముందు వరుస. 1864లో గ్లారుస్ రాష్ట్రం కార్ఖానాల్లో వయోజనుల పనిని కూడా రోజుకు 12 గంటలకు పరిమితం చేసింది. 1877 అక్టోబరులో దేశవ్యాప్త కార్ఖానా చట్టం ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 51.5 శాతం ఓట్లతో, అంటే స్వల్ప ఆధిక్యంతో, గట్టెక్కింది. రోజుకు 11 గంటల పని, 14 ఏళ్ల లోపు పిల్లల నిషేధం, స్త్రీలకు రాత్రిపని నిషేధం అందులోని ముఖ్యాంశాలు.

అయితే ఆ చట్టం కార్ఖానాకు మాత్రమే వర్తించింది. ఇంట్లో చేసే పని దాని పరిధిలోకి రాలేదు. ఫలితంగా కార్ఖానా గేటు దగ్గర ఆగిపోయిన బాలుడు ఇంట్లో అదే పరిశ్రమకు పనిచేయడానికి అడ్డు లేకపోయింది. సెయింట్ గాలెన్ కుట్టుపని కుటుంబాల్లో సూదుల్లో దారం ఎక్కించే పని పిల్లలదే. 1909లో జ్యూరిచ్‌లో గృహాధారిత శ్రమపై ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేయవలసి వచ్చిందంటే, అప్పటికి ఆ శ్రమ ఎంతగా మరుగున పడిందో ఊహించవచ్చు. గృహాధారిత శ్రమపై దేశవ్యాప్త చట్టం 1940 డిసెంబరులో మాత్రమే వచ్చింది. కార్ఖానా నుండి ఇంటికి చట్టం చేరడానికి 63 ఏళ్లు పట్టింది. 1981 నాటి కొత్త చట్టం పని షరతులను లిఖితపూర్వకంగా ఇవ్వాలని, అదే సంస్థలో అటువంటి పనికి చెల్లించే వేతనమే ఇంట్లో పనిచేసేవారి కూలికి కొలమానం కావాలని నిర్దేశించింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. చట్టం పూర్తిరూపం దాల్చేనాటికి స్విస్ ఇంటి పరిశ్రమ చాలావరకు కనుమరుగైంది. యంత్రం కొంత కారణం. పల్లెవాసులకు ఇతర ఉపాధి దొరకడం మరింత కారణం. అందువల్ల ఇంటి కార్మికులకు మేలు చేసినది చట్టం ఒక్కటే అనడం చరిత్రకు సరిపోదు. వారు కూలి నచ్చకపోతే ఆ పనిని వదిలి వేరొక పనికి పోగలిగే స్థితి రావడం అంతకంటె బలమైన కారణం.

బాల్కొండ ప్రాంతం: ఒడిలో చాట, చట్టంలో చోటు

1919లో ఏర్పడిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 1920లో జెనీవాకు తరలింది. 1927లో అక్కడ జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా తెలుగువాడైన వి.వి. గిరి హాజరయ్యాడు. అయితే బ్రిటిష్ ఇండియా ఆమోదించిన ఒడంబడికలు సంస్థానాలకు వర్తించవు కనుక, నిజాం పాలనలోని నిజామాబాదు జిల్లాకు జెనీవా మాట అప్పట్లో చేరే మార్గం లేదు.

స్వతంత్ర భారతంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్విట్జర్లాండ్ 1877లో నడిచిన దారినే నడిచింది. అది కార్మికుల సంఖ్యను, ప్రాంగణాన్ని కొలమానంగా తీసుకొంది. బీడీ యజమానులకు దీనిలో వెసులుబాటు దొరికింది. కార్ఖానాలోని పనిని ఇళ్లకు పంపితే చట్టం వర్తించదు. 1958లో చింతామన్‌రావు కేసులో, మధ్యవర్తులుగా ఉన్న సత్తేదారులు స్వతంత్ర కాంట్రాక్టర్లనీ, వారూ వారి కింద పనిచేసేవారూ ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కార్మికులు కారనీ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఈ లోటును పూరించడానికే 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చింది. యజమాని గానీ కాంట్రాక్టరు గానీ ఇచ్చిన ముడిసరుకుతో ఇంట్లో బీడీలు చేసే వ్యక్తిని కూడా ఉద్యోగిగా అది నిర్వచించింది. యజమానులు దీనిని సవాలు చేయగా 1974లో మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో ఇంట్లో బీడీలు చేసేవారికి భవిష్యనిధి వర్తిస్తుందని తేల్చింది. ఆ తీర్పులోని తర్కం ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఇంట్లో పనిని ఎవరూ పర్యవేక్షించడం లేదు కదా అన్న వాదనకు, చేసిన బీడీలను తిరస్కరించే హక్కు యజమానికి ఉండటమే నియంత్రణకు తగిన నిదర్శనమని న్యాయస్థానం సమాధానం చెప్పింది. కార్మికురాలికి నష్టం తెచ్చే తిరస్కారమే ఆమె ఉద్యోగి అనడానికి సాక్ష్యం అయింది.

ఫ్యాక్టరీల చట్టం నుండి బీడీ చట్టం దాకా భారతదేశానికి పట్టింది 18 ఏళ్లు. ఈ విషయంలో మన శాసనం స్విట్జర్లాండ్ కంటె వేగంగా నడిచింది. జెనీవా కంటె కూడా ముందే నడిచింది. గృహాధారిత శ్రమపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒడంబడికను 1996లో గాని ఆమోదించలేదు. ఇంట్లో పనిచేసేవారికి ఇతర వేతన కార్మికులతో సమాన ఆదరణ ఉండాలన్నది దాని సారం. దాని వెనుక అహ్మదాబాదులోని ‘సేవా’ సంస్థ కృషి ఉంది. అయినప్పటికీ భారతదేశం దానిని ధ్రువీకరించలేదు. ఆతిథ్యమిచ్చిన స్విట్జర్లాండ్ కూడా ధ్రువీకరించలేదు.

చట్టంలో చోటు దొరికినంత మాత్రాన చాటలోకి న్యాయం రాలేదు. వెయ్యి బీడీల లెక్కన కూలి కట్టే పద్ధతిలో ఆకు నాసిరకమైతే, తంబాకు తూకం తగ్గితే, కొరత కార్మికురాలి మీదనే పడుతుంది. కార్ఖానాకూ ఆమెకూ నడుమ టేకేదారు ఉంటాడు. పేరు పుస్తకంలోకి ఎక్కితేనే భవిష్యనిధి. ఒకరి పేరు మీద ఇంట్లో ఇద్దరు ముగ్గురు చేస్తే మిగిలినవారు చట్టానికి కనబడరు. 1976 నాటి సంక్షేమ నిధికి ఆధారమైన సెస్సు 2017లో జి.ఎస్.టి. రాకతో రద్దయింది. 1966 చట్టం కూడా 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిసిపోయింది.

జెనీవాలో రెండు ఒడంబడికలు

1948 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థకూ జెనీవాయే కేంద్రం. పొగాకు నియంత్రణ ఒడంబడికను ఆ సంస్థ 2003లో ఆమోదించింది. భారతదేశం 2004లోనే దానిని ధ్రువీకరించింది. 2016 ఏప్రిల్ నుండి బీడీ కట్టలతో సహా పొగాకు ఉత్పత్తుల మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నియమం అమలులోకి వచ్చింది. బీడీ ఆరోగ్యాన్ని హరిస్తుందన్నది నిర్వివాదం. చేసేవారు పీల్చే పొగాకు దుమ్ము, గంటల తరబడి వంగి కూర్చోవడం వల్ల కలిగే నడుము నొప్పి కూడా ఆ హానిలో భాగమే. కనుక ఒకే నగరంలోని ఒక సంస్థ ఈ స్త్రీ కూలిని కాపాడాలంటుంది. మరొక సంస్థ ఆమె చేసే వస్తువు వాడకం తగ్గాలంటుంది. రెండూ న్యాయమైనవే. రెండింటినీ కలిపే వాక్యం పొగాకు ఒడంబడిక 17వ అధికరణంలో ఉంది. పొగాకు రైతులకు, కార్మికులకు, అమ్మకందారులకు ప్రత్యామ్నాయ జీవనోపాధిని ప్రోత్సహించాలని అది చెబుతుంది. హెచ్చరిక బొమ్మ బాల్కొండకు వచ్చినంత వేగంగా ఈ అధికరణం రాలేదు.

స్విట్జర్లాండ్ వైఖరి ఇక్కడ గమనార్హం. 2004లో ఆ దేశం ఒడంబడికపై సంతకం చేసింది గాని నేటికీ ధ్రువీకరించలేదు. బహుళజాతి సిగరెట్టు సంస్థల ముఖ్య కార్యాలయాలు జెనీవా, లోజాన్ నగరాల్లో ఉన్నాయి. పిల్లలకు, యువతకు చేరే పొగాకు ప్రకటనలను నిషేధించాలన్న ప్రతిపాదనను 2022 ఫిబ్రవరిలో సుమారు 57 శాతం ఓటర్లు ఆమోదించిన తరువాతనే అక్కడ గట్టి మార్పు మొదలయింది. సంపన్న దేశం తన పొగాకు పరిశ్రమ విషయంలో ఇంత నిదానించగా, ఆ భారాన్ని త్వరగా మోయవలసి వచ్చింది భర్త గల్ఫ్‌కు పోగా ఇంటిని బీడీల మీద నడిపే తెలంగాణ స్త్రీ.

మాటల సాక్ష్యం

స్విస్ ఇంటి కార్మికుల చరిత్ర మనకు తెలియడానికి చట్టాలు, లెక్కల పుస్తకాలు మాత్రమే ఆధారం కాదు. టోగెన్‌బుర్గ్ లోయకు చెందిన ఉల్రిఖ్ బ్రేకర్ (1735–1798) నిరుపేద కుటుంబంలో పుట్టి, నూలు వ్యాపారం, నేత చేసి బతికాడు. 1789లో అచ్చయిన అతని ఆత్మకథ అప్పుల బాధనూ, మధ్యవర్తి జీవితాన్నీ, చదువు మీది ఆశనూ లోపలి నుండి చెప్పింది. పని చేసినవాడే రాసినది కనుక దానికి సాహిత్యంలోనూ చరిత్రలోనూ సమాన గౌరవం దక్కింది.

నిజామాబాదు బీడీ కార్మికురాలి జీవితం మనకు అధికంగా నివేదికల భాషలో, కోర్టు తీర్పుల భాషలో లభిస్తుంది. ఆమె మాటలో లభించేది స్వల్పం. ఆ మాటలోనే చరిత్ర ఉంది. కార్ఖానా, టేకేదారు, తంబాకు అనే మాటలు ఉర్దూ మీదుగా వచ్చినవి; అవి వ్యాపారంతో పాటు ఇంట్లోకి వచ్చాయి. చాట, కత్తెర, దారం, కట్ట ఇంట్లో ముందునుండే ఉన్నవి. బియ్యం చెరిగే చాట తంబాకు చాట అయినప్పుడు వంటింటి వస్తువు ఉత్పత్తి సాధనంగా మారింది. ఆ మార్పు ఆమె దినచర్యలో, పెళ్లి మాటల్లో, పాటల్లో, సామెతల్లో ఏ రూపం దాల్చిందో సేకరించవలసినది తెలుగు పరిశోధకులు. బీడీ వాడకం తగ్గుతున్న కొద్దీ ఈ పదజాలం తెలిసిన తరం కూడా తగ్గుతుంది.

ముగింపు

పై పరిశీలన నుండి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, గృహాధారిత శ్రమకు చట్టం ఆలస్యంగా చేరడం ఒక్క మన దేశపు లోపం కాదు. గోడలను, గేట్లను ఆధారంగా చేసుకొని రాసిన ప్రతి కార్ఖానా చట్టంలోనూ ఉన్న లోపం అది. రెండు, స్విస్ లోయల్లో ఇంటి కార్మికుల స్థితి మారడానికి చట్టంతో పాటు మరొక ఉపాధి దొరకడం ప్రధాన కారణం. బాల్కొండ ప్రాంతంలో బీడీ పరిశ్రమ కుదించుకుపోతున్నది గాని, ఇంటి దగ్గరనే చేయదగిన మరొక పని ఆ మేరకు పెరగలేదు. పింఛను అవసరమే, అది పనికి బదులు కాదు. మూడు, ఈ శ్రమ ముగిసేలోగా దానిని చేసినవారి మాటల్లోనే నమోదు చేసుకోవాలి. పరిశ్రమ పోయిన తరువాత స్విట్జర్లాండ్‌కు బ్రేకర్ పుస్తకం మిగిలింది. బాల్కొండ స్త్రీల మాట మిగలడం, మిగలకపోవడం ఇప్పుడు జరిగే సేకరణ మీదనే ఆధారపడి ఉంది.