ముసర రోగము తొలగిపోయిన విధము

మన పల్లెలలో పశువుల జబ్బులకు పేర్లు పెట్టినవారు వైద్యులు కారు. గొడ్డుతో పగలును రాత్రియు గడపిన రైతులు, గొల్లలు ఆ పేర్లు పెట్టిరి. గిట్టల నడుమ పుండ్లు లేచి నోట చొల్లు కార్చునది గాలికుంటు. తొలకరిలో గొంతు వాచి, గురక పెట్టించి, పూటలో ప్రాణము తీయునది గొంతువాపు. తొడయో జబ్బయో ఉబ్బి, చేతితో అదిమినచో చిటపటలాడునది జబ్బవాపు. నిలుచున్న గొడ్డును ఉన్నపాటున పడవేయునది దొమ్మ. నేను కళాశాలలో చదివిన గ్రంథములలో ఈ లక్షణములే ఆంగ్లమున వ్రాసియుండెను. అంతకు మించి పెద్ద భేదము నాకు కానరాలేదు. ఇన్నింటిలో పెద్దలు గొంతు తగ్గించి పలికెడి పేరొకటి ఉండెడిది. అది ముసర.

నేను ముప్పదియేండ్లకు పైగా పల్లెటూళ్ళలో పశువైద్యము చేసితిని. పైన చెప్పిన నాలుగు జబ్బులును ఇప్పటికిని ఉన్నవి. ముసర మాత్రము లేదు. మన దేశముననే కాదు, భూమిమీద ఎక్కడను లేదు. మనుష్యులలో మశూచి ఎట్లు పోయినదో పశువులలో ముసర అట్లు పోయినది. ఈ రెండు తప్ప మరి యే రోగమును మానవుడు నేటివరకు సమూలముగా తుడిచివేయలేదు. ఇంత పెద్ద కార్యము జరిగినను మన పల్లెలలో దానిని తలచుకొనువారు అరుదు. రానిదానిని ఎవరు తలతురు?

చిన్నవారి కొరకు ఆ రోగమెట్టిదో కొంచెము చెప్పవలెను. ముందు జ్వరము తగులును. నెమరు ఆగును. కన్నుల వెంట నీరు, ముక్కు వెంట చీమిడి కారును. నోటిలోపల చిగుళ్ళమీద తవుడు చల్లినట్లు పొర లేచి, అది ఊడినచోట పచ్చిపుండు పడును. తరువాత దుర్గంధముతో పారుడు పట్టి, వారము పది దినములలో గొడ్డు ఎముకల గూడై పడిపోవును. ఒక కొట్టములో ప్రవేశించినచో ఊరంతయు చుట్టును. పిల్లలకు వచ్చు తట్టునకు కారణమైన సూక్ష్మజీవికి ఈ ముసర సూక్ష్మజీవి దగ్గరి చుట్టము. ఒకసారి వచ్చి బ్రదికిన గొడ్డునకు జన్మములో మరల రాదు. ఈ యొక్క గుణమే తుదకు దాని నాశనమునకు కారణమయ్యెను.

ఐరోపాలో పదునెనిమిదవ శతాబ్దమున ఈ తెగులు మందలకు మందలను పొట్టన పెట్టుకొనెను. ఆ భయముననే ఫ్రాన్సు దేశమున 1761లో రాజాజ్ఞ వెలువడి, మరుసటి సంవత్సరము లియోన్ నగరమున క్లోద్ బూర్జెలా అను నతడు ప్రపంచములో మొదటి పశువైద్య పాఠశాలను తెరచెను. కనుక మా వృత్తికి పురుడు పోసినది ఈ మహమ్మారియే అనవచ్చును. 1890వ దశాబ్దమున ఆఫ్రికాఖండమున ఇది ఉత్తరము నుండి దక్షిణపు కొస వరకు పాకెను. ఇథియోపియాలో దుక్కిటెద్దులు నశించి, ఆ వెనుక వచ్చిన కరువులో జనులలో మూడవవంతు మరణించిరని చరిత్రకారుల అంచనా. ఎద్దు చచ్చిన ఇంట అన్నమేల ఉండునో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

మన దేశమున పశువుల తెగుళ్ళను విచారించుటకు నియమింపబడిన సంఘము 1871లో నివేదిక ఇచ్చెను. 1889లో పూనాలో ఒక పరిశోధనశాల వెలసెను. రోగపు బీజములతో ఊరినడుమ పనిచేయుట ప్రమాదకరమని దానిని 1893లో హిమాలయములలోని ముక్తేశ్వరమునకు తరలించిరి. 1897లో జర్మనీ పండితుడు రాబర్టు కోహ్ అచటికి వచ్చెను. అతడు అంతకు కొలది మాసముల ముందు దక్షిణాఫ్రికాలో, ముసరతో చచ్చిన పశువు పైత్యరసమును మంచి పశువునకు ఎక్కించి రక్షించు పద్ధతిని కనిపెట్టియుండెను. ఆ తరువాత, కోలుకొన్న పశువు రక్తపు సీరమును, రోగపు రక్తమును ఒకేసారి ఎక్కించు పద్ధతి వచ్చెను. అది పనిచేసెనే కాని ఖర్చు ఎక్కువ. పైగా ఆ రక్తముతో పాటు వేరు రోగములును ఎక్కుచుండెను. 1920వ దశాబ్దము చివర ముక్తేశ్వరములోని ఎడ్వర్డ్సు అను నతడు ఈ చిక్కును విప్పెను. ముసర బీజమును ఒక మేకనుండి మరియొక మేకకు వరుసగా ఎక్కించుచు పోగా, అది గొడ్డును చంపు శక్తిని కోల్పోయి, కాపాడు శక్తిని మాత్రము నిలుపుకొనెను. మన దేశమున కోట్ల పశువులకు పడిన సూది ఆ మేకమందే.

ఇచట ఒక ముచ్చట. మన ఒంగోలు గిత్తలు ఓడలెక్కి బ్రెజిలు దేశమునకు పోయి, నెల్లూరు పేరుతో ‘నెలోర్’ అను జాతిగా అచట వర్ధిల్లినవని మీరు వినియుందురు. 1920లో ఇట్లే భారతదేశము నుండి బ్రెజిలుకు పోవుచున్న మూపురపు పశువులు కొన్ని నడుమ బెల్జియములోని ఆంట్‌వెర్ప్ రేవున దిగెను. వానితో ముసరయు దిగెను. ఐరోపా అంతయు ఉలికిపడి, 1924లో ఇరువదియెనిమిది దేశములు కూడి పారిసులో పశురోగముల అంతర్జాతీయ కార్యాలయమును స్థాపించినవి. ముసర లేదని దేశములకు యోగ్యతాపత్రము లిచ్చినది తరువాతి కాలమున ఆ సంస్థయే.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1954లో, దేశవ్యాప్తముగా ముసర నిర్మూలన ప్రయత్నము మొదలయ్యెను. ఐదేండ్లలో నూటికి ఎనుబది పశువులకు టీకాలు వేయవలెనని సంకల్పము. తెగులు చాల తగ్గెను గాని పోలేదు. ఏటేట క్రొత్త దూడలు పుట్టును. సంతలకు పశువులు నడచును. టీకా పడని గొడ్లు నాలుగు ఒకచోట కూడిన చాలు, దానికి ఇల్లు దొరకును.

నేను 1970వ దశాబ్దపు తొలినాళ్ళలో ఉద్యోగమున ప్రవేశించితిని. పట్టణమున మంచుగడ్డ కొని, ఊకలో కప్పి, మందుసీసాలను ఫ్లాస్కులో పెట్టుకొని, బస్సు దిగి సైకిలుపై పోవలెను. మంచు కరగిన మందు నీళ్ళతో సమానము. కలిపిన మందును జాగు చేయక వాడవలెను. ఇవన్నియు కష్టములే యైనను, అసలు కష్టము వేరు. జబ్బు లేని గొడ్డునకు సూది వేయనిమ్మని రైతు నడుగుటయే ఆ కష్టము. ఒక ఊరి పెద్ద రచ్చబండ మీదనే నన్ను నిలవేసెను. “ఏమయ్యా డాక్టరూ, నిక్షేపంగా మేస్తున్న గొడ్డుకు సూదెందుకు? రేపు పాలు తగ్గితే నీ జీతంలోంచి కొలిచిస్తావా?” ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. సూది పడిన గేదెకు రెండుదినములు ఒళ్ళు వెచ్చబడి పాలు తగ్గుట కలదు. నేను నేర్చిన శాస్త్రమంతయు చెప్పితిని. ఎవరును కదలలేదు. అప్పుడొక ముసలి గొల్ల లేచి, “బాబాయ్, ముసర వచ్చిన ఏడు మన ఊళ్లో ఎన్ని కాడ్లు మిగిలాయో నువ్వు మరిచిపోయావా? ఆడోళ్ళు గుంటకతోలారు,” అనెను. ఊరి పెద్ద చాలసేపు మాటాడలేదు. పిదప తన పాడిగేదెనే ముందుగా తోలించెను.

ఆ ఊరిలో నాకు చోటు దొరికినది సూదివలన కాదు. అడ్డము తిరిగిన దూడను లాగినందులకు, మాయ వేయని గేదెను నిలిపినందులకు, కాలు విరిగిన మేకపోతునకు వెదురుబద్ద కట్టినందులకు, కొక్కెర తెగులు రాకుండ కోళ్ళకు టీకా వేసినందులకు దొరకినది. పల్లెలోని పశువైద్యుడు ఎద్దుల వైద్యుడు మాత్రమే కాడు. గొఱ్ఱె, కోడి, కుక్క అన్నియు వాని గుమ్మమునకే వచ్చును. ఇట్టి చిల్లర వైద్యముతో కూడబెట్టుకొన్న నమ్మకమును ఏడాది కొకసారి టీకాల దినమున ఖర్చు పెట్టితిమి. ప్రభుత్వపు లెక్కలలో టీకాల సంఖ్య కలదు గాని, ఈ పద్దు లేదు.

పెద్దల ఆచారములను నేను చులకన చేయను. ముసర నాడు పోలేరమ్మకు జాతర చేసి, పొలి చల్లి, పరాయి గొడ్డును పొలిమేర దాటనీయని ఊళ్ళు కలవు. పొలి సంగతి నాకు తెలియదు. పొలిమేర కట్టడి మాత్రము మేము పుస్తకములలో చదివినదే.

తుది ఘట్టము విచిత్రమైనది. 1992 నుండి కొత్త పథకము వచ్చెను. అప్పటికి ముసర మన దక్షిణ ద్వీపకల్పమునందే తలదాచుకొనియుండెను. గొఱ్ఱెలు, మేకలు దానిని మోయుచున్నవేమోయని అనుమానము. అయితే మేకలలో ముసరవలె కనబడునదంతయు ముసర కాదనియు, దానికి తోబుట్టువైన వేరొక పారుడు రోగమనియు 1987లో తమిళనాడులో తేలియుండెను. దేశములో కడపటి ముసర 1995లో తమిళనాడులోని ఉత్తర ఆర్కాటు ప్రాంతమున కనబడెను.

ఆ పిమ్మట మాకు వచ్చిన ఉత్తరువు విని ఆశ్చర్యపడితిమి. టీకాలు ఆపవలెనట! రెండు దశాబ్దములు వేయించుకొనుడని బ్రతిమాలిన నోటితోనే వద్దని చెప్పవలసివచ్చెను. కారణము సూక్ష్మమైనది. టీకా పడిన గొడ్డు రక్తమునకును, రోగము సోకి బ్రదికిన గొడ్డు రక్తమునకును పరీక్షలో భేదము తెలియదు. టీకా ఎరుగని లేబ్రాయపు పశువుల రక్తములో రోగపు జాడ లేనప్పుడే ముసర పోయినదని ఋజువగును. కనుక సూది మాని వెదకుట మొదలుపెట్టితిమి. ఊరూర తిరిగి, “నోరు పూసి పారుకొన్న గొడ్డు ఏదైన కలదా?” అని అడుగుట, రక్తము తీసి పంపుట. కబురు వచ్చినప్పుడెల్ల గుండె జల్లుమనెడిది. పోయి చూడగా గాలికుంటో, తినరాని ఆకు తిన్న గొడ్డో. అట్లు వట్టిచేతులతో తిరిగివచ్చిన దినములే నా ఉద్యోగములో మంచి దినములు.

2006లో మన దేశమునకు ముసర సోకు లేదని అంతర్జాతీయ గుర్తింపు వచ్చెను. 2001లో కెన్యాదేశపు అడవి దున్నలలో కనబడినదే ప్రపంచములో ఆఖరుది. 2011 మే, జూన్ మాసములలో ముసర భూమి మీద లేదని ప్రకటించిరి. కొన్ని ప్రయోగశాలలలో మాత్రము బీజములు సీసాలలో మిగిలినవి. ఇంగ్లండులోని పిర్‌బ్రైట్ సంస్థవారు తమ వద్ద నున్నవానిని 2019లో నాశనము చేసిరి. దాని తోబుట్టువైన గొఱ్ఱెమేకల పారుడు రోగమును 2030 నాటికి నిర్మూలింపవలెనని ఇప్పుడు లక్ష్యము పెట్టుకొనిరి. దానికిని టీకా కలదు. మందలు తోలుకొని దూరప్రాంతములకు వలసపోవు గొల్లకురుమలను వెంటాడి వేయవలసియున్నది.

ఈ మధ్య క్రొత్తగా ఉద్యోగమున చేరిన పశువైద్యురాలొకరు మా యింటికి వచ్చి, “ఎప్పుడైనా అది తిరిగి వస్తే మేము గుర్తుపట్టేదెలాగండీ? మాలో చూసినవాళ్ళెవరూ లేరు,” అని అడిగిరి. నేను మా దొడ్డిలోని దూడను పట్టించి, నోరు తెరచి, పై పెదవి ఎత్తి, చిగురు మీద ఆమె వ్రేలిని ఆనించి రాయించితిని. వ్రేలు శుభ్రముగా వచ్చెను. “ముసరయైనచో ఈ వ్రేలికి తడిసిన తవుడు అంటును,” అని చెప్పితిని.