విలోమం నుంచి సమశోధనానికి: సరళ సమీకరణాల బోధనకు గణిత చరిత్ర చూపే మార్గం

వ్యాస సంగ్రహం

ప్రాథమికోన్నత స్థాయిలో సరళ సమీకరణాల సాధన సాధారణంగా ‘పక్షాంతరం’ అనే నియమంతో ముడిపడి ఉంటుంది. భారతీయ గణిత గ్రంథాలలో అవ్యక్తరాశిని కనుగొనడానికి విలోమవిధి, ఇష్టకర్మ, సమశోధనం అనే మూడు పద్ధతులు కనిపిస్తాయి. ఒక్కొక్కటి ఒక్కో రకమైన సమస్యకు సరిపోతుంది. ఏ సమస్య దగ్గర సమీకరణం తప్పనిసరి అయిందో పరిశీలిస్తే, నేటి పాఠ్యక్రమంలో ఉన్న ఒక లోపం స్పష్టమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అవ్యక్తం, విలోమవిధి, ఇష్టకర్మ, సమశోధనం, పక్షాంతరం, పాటీగణితం, బీజగణితం.

1. ఉపోద్ఘాతం

తెలుగు రాష్ట్రాల పాఠశాలల్లో విద్యార్థి ఆరో తరగతిలో బీజగణితంతో పరిచయం పొంది, ఏడో తరగతిలో సరళ సమీకరణాలను సాధించడం నేర్చుకుంటాడు. మొదట యత్నదోష పద్ధతి, తరువాత త్రాసు ఉపమానం, చివరకు పక్షాంతరం అనే క్రమం మనకు పరిచితమే. పరీక్ష దగ్గరికి వచ్చేసరికి మొదటి రెండూ వెనుకబడి, ‘అటు వెళితే గుర్తు మారుతుంది’ అన్న ఒక్క వాక్యం మిగులుతుంది. ఆ వాక్యాన్నే నమ్ముకున్న విద్యార్థి 3య = 12 అన్నప్పుడు య = 12 – 3 = 9 అని రాస్తాడు. (ఈ వ్యాసంలో అవ్యక్తరాశిని ‘య’ అక్షరంతో సూచిస్తున్నాం.) దీనిని అజాగ్రత్తగా కొట్టివేయలేం. నియమం గుర్తుంది, నియమానికి ఆధారమైన క్రియ గుర్తులేదు. ఆ క్రియ చరిత్రలో ఎలా రూపుదిద్దుకున్నదో తెలుసుకోవడం బోధనకు ఉపకరిస్తుందా అన్నది ఇక్కడి ప్రశ్న.

2. విలోమవిధి: వెనుకకు నడవడం

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం గణితపాదంలోని 28వ శ్లోకం విలోమక్రియను చెబుతుంది. గుణించినది భాగహారమవుతుంది, భాగించినది గుణకారమవుతుంది, కలిపినది తీసివేత, తీసివేసినది కూడిక అవుతుంది. ఫలితం నుంచి వెనుకకు నడిస్తే మొదటి రాశి దొరుకుతుంది.

12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు లీలావతిలో ఈ పద్ధతికి ఇచ్చిన ఉదాహరణ ప్రసిద్ధం. ఒక సంఖ్యను 3తో గుణించి, లబ్ధంలో నాలుగింట మూడు వంతులు దానికే కలిపి, 7తో భాగించి, వచ్చినదానిలో మూడో వంతు తీసివేసి, వర్గం చేసి, 52 తీసివేసి, వర్గమూలం తీసి, 8 కలిపి, 10తో భాగిస్తే 2 వస్తుంది. ఆ సంఖ్య ఏది? చివరి 2 నుంచి మొదలుపెడితే 20, 12, 144, 196, 14, 21, 147, 84 మీదుగా 28కి చేరుతాం. ఇంత చిక్కైన ప్రశ్నకు కూడా సమీకరణం అవసరం రాలేదు. అవ్యక్తం ఒక్కచోటే ఉండి, దానిపై క్రియలు వరుసగా జరిగితే చాలు, ఆ వరుసను తిప్పి చదవవచ్చు.

3. ఇష్టకర్మ: ఊహించి సరిదిద్దడం

అవ్యక్తం ఒకటికంటే ఎక్కువ చోట్ల కనిపిస్తే వెనుకకు నడిచే దారి మూసుకుపోతుంది. లీలావతిలోని పద్మాల సమస్యే ఇందుకు తార్కాణం. ఒక రాశిలో మూడో వంతు శివునికి, అయిదో వంతు విష్ణువుకు, ఆరో వంతు సూర్యునికి, నాలుగో వంతు దేవికి అర్పించగా మిగిలిన 6 పద్మాలు గురువుకు దక్కాయి. మొత్తం ఎన్ని?

ఇక్కడ ఇష్టరాశిగా 60ని అనుకుంటే 20, 12, 10, 15 పోగా 3 మిగులుతాయి. మిగలవలసినవి 6, అంటే రెట్టింపు. కనుక రాశి 120. ఊహ తప్పే, కానీ ఆ తప్పు ఎంత నిష్పత్తిలో ఉందో తెలుసు కాబట్టి త్రైరాశికంతో సరిదిద్దవచ్చు. 1881లో పెషావర్ సమీపంలో దొరికిన బక్షాలీ భూర్జపత్ర ప్రతిలోనూ ఈ రకమైన సాధనలు ఉన్నాయి. తెలియని రాశి ఉండవలసిన చోట అందులో ఒక చుక్క పెట్టారు.

తెలుగువారి గణిత వాఙ్మయం ఈ సంప్రదాయంలోనే మొదలైంది. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. మూలగ్రంథంలోని ప్రకీర్ణక వ్యవహారం భాగజాతి, శేషజాతి మొదలైన పేర్లతో సమస్యలను వర్గీకరించి, ఒక్కో జాతికి ఒక్కో సూత్రం చెబుతుంది. పద్మాల లెక్క భాగజాతికి చెందుతుంది. మిగిలినదాన్ని, ఒకటిలోంచి భిన్నాల మొత్తం తీసివేయగా వచ్చిన దానితో భాగించాలి. సమస్య జాతిని గుర్తించడమే ఇక్కడి నేర్పు. జాతులన్నిటికీ వర్తించే ఒకే క్రియను వెదకడం పాటీగణితం పని కాదు, అది బీజగణితం పని.

4. సమీకరణం అవసరమైన సమస్య

ఆర్యభటీయంలో విలోమవిధి తర్వాత రెండో శ్లోకం, అంటే 30వది, మరో రకమైన సమస్యను ఎత్తుకుంటుంది. ఇద్దరు మనుషుల దగ్గర ఒకే ధర గల వస్తువులు వేర్వేరు సంఖ్యలలోను, నాణేలు వేర్వేరు మొత్తాలలోను ఉన్నాయి. ఇద్దరి సంపద సమానం. వస్తువు ధర ఎంత? నాణేల భేదాన్ని వస్తువుల భేదంతో భాగించమని ఆర్యభటుడు సూచించాడు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం కుట్టకాధ్యాయంలో ఇదే సూత్రాన్ని అవ్యక్తరాశుల సాధారణ నియమంగా చెప్పాడు.

ఈ సమస్య పూర్తి స్వరూపం భాస్కరుని బీజగణితంలో దర్శనమిస్తుంది. ఒకని దగ్గర 6 గుర్రాలు, 300 రూపకాలు ఉన్నాయి. మరొకని దగ్గర అదే ధర గల 10 గుర్రాలున్నాయి, కానీ 100 రూపకాల అప్పు ఉంది. ఇద్దరూ సమాన ధనవంతులు. గుర్రం ధర ఎంత? భాస్కరుడు ‘యావత్తావత్’ అనే అవ్యక్తానికి ‘యా’, వ్యక్తసంఖ్యకు ‘రూ’ అని సంక్షిప్తం చేసి, రెండు పక్షాలను ఒకదాని కింద ఒకటి రాస్తాడు:

యా 6 రూ 300
యా 10 రూ 100 (ఋణం)

ఋణసంఖ్యపై చుక్క పెట్టడం నాటి సంకేతం. సమానత్వానికి గుర్తు లేదు. రెండు వరుసలు ఎదురెదురుగా ఉండటమే సమానత్వం.

ముందు చూసిన రెండు పద్ధతులూ ఇక్కడ ఆగిపోతాయి. గుర్రం ధర రెండు పక్షాలలోనూ ఉంది కనుక వెనుకకు నడవడానికి ఒక ‘చివరి ఫలితం’ అంటూ లేదు. ఇష్టకర్మగా ధర 50 అనుకుంటే మొదటివానికి 600, రెండోవానికి 400 వస్తాయి. భేదం 200. ఉండవలసిన భేదం సున్న. త్రైరాశికం వేస్తే జవాబు కూడా సున్నయే వస్తుంది, అది అసంగతం. స్థిరరాశులు రెండు వైపులా ఉన్నప్పుడు అనుపాతం చెల్లదు. సమశోధనం తప్ప మార్గం లేదు. రెండు వరుసల నుంచీ 6 యావత్తావత్తులు తీసివేసి, రెండిటికీ 100 కలిపితే 400 రూపకాలు 4 గుర్రాలకు సమానం. ధర 100.

తెలియని రాశిని తెలిసినదానివలె పట్టుకుని, దానిమీదే తీసివేత చేయడం ఇక్కడి కీలక మార్పు. విలోమవిధిలో అవ్యక్తాన్ని ఎవరూ ముట్టుకోరు, దాని చుట్టూ ఉన్న సంఖ్యలనే సవరిస్తారు. సమశోధనంలో ‘6 యా’ను కూడా ఒక రాశిగా తీసివేస్తారు. 9వ శతాబ్దిలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ ఇలాంటి క్రియలనే జబ్ర్, ముకాబలా అన్న పేర్లతో వాక్యరూపంలో వివరించాడు. ‘ఆల్జీబ్రా’ అన్న పేరు అందులోనిదే. నేడు మనం వాడే సమానత్వపు గుర్తు 1557లో రాబర్ట్ రికార్డ్ పుస్తకంతో వచ్చింది. గుర్తుకంటే భావం ఎంతో ముందుది.

5. పాఠ్యపుస్తకంలో తారుమారైన క్రమం

1813లో ఎడ్వర్డ్ స్ట్రాచీ పారశీకం నుంచి, 1817లో కోల్‌బ్రుక్ సంస్కృతం నుంచి భాస్కరుని బీజగణితాన్ని ఆంగ్లంలోకి తెచ్చారు. అయినా ఆధునిక పాఠశాల బీజగణితం ఐరోపా పాఠ్యపుస్తకాల అచ్చులోనే కొనసాగింది. పేరు మనది, అమరిక వేరొకటి. ‘పక్షాంతరం’ అన్న మాటలోని ‘పక్షం’ నాటి బీజగణిత పరిభాషే. అయితే సమశోధనంలో ఏ రాశీ పక్షం దాటి వెళ్లదు. రెండు పక్షాల నుంచీ ఒకే రాశిని తొలగిస్తాం. దాటినట్లు కనిపించడం ఆ క్రియకు ఫలితం మాత్రమే.

ఇక తొలి పాఠంలో సమీకరణానికి ఉదాహరణలుగా ఇచ్చేవి చూడండి. ఒక సంఖ్యకు 5 కలిపితే 12, ఒక సంఖ్య రెట్టింపుకు 3 కలిపితే 17. ఇవన్నీ విలోమవిధికి లొంగేవే. పన్నెండేళ్ల పిల్లవాడు నోటితో జవాబు చెప్పగల ప్రశ్నకు అక్షరం పెట్టి, నాలుగు మెట్లు రాయమంటే, సమీకరణం అతనికి సాధనంగా కాక ఉపాధ్యాయుని కోసం చేసే తంతుగా తోస్తుంది.

ఈ తేడాను ఆధునిక పరిశోధన కూడా గుర్తించింది. అవ్యక్తం ఒక్క పక్షంలోనే ఉన్న సమీకరణాలకు, రెండు పక్షాలలో ఉన్నవాటికి మధ్య ఒక స్పష్టమైన విభజనరేఖ ఉందని 1989లో ఫిల్లోయ్, రోహానో ప్రతిపాదించారు. అంకగణితం ముగిసి బీజగణితం మొదలయ్యేది ఆ రేఖ వద్దనే. పిల్లలు సమానత్వపు గుర్తును ‘జవాబు రాయి’ అన్న ఆజ్ఞగా చదువుతారని 1981లో కారొలిన్ కీరన్ చర్చించింది. 8 + 4 = □ + 5 అన్నచోట 12 అని పూరించే పిల్లలు ఇందుకు నిదర్శనం. సమానత్వపు గుర్తే లేని భాస్కరుని రెండు వరుసలలో ఆ అపార్థానికి చోటు లేదు.

6. బోధనకు సూచనలు

పిల్లలు మానవజాతి చరిత్రను మళ్లీ అడుగడుగునా నడవాలని ఇక్కడ వాదించడం లేదు. ఘనచరిత్రను చెప్పి గర్వపడటం కూడా ఉద్దేశం కాదు. సమస్యకూ పద్ధతికీ మధ్య గల సంబంధాన్ని చరిత్ర వెలికితీస్తుంది. దాన్ని పాఠక్రమంలోకి తీసుకోవచ్చు.

మొదట విలోమవిధిని దాని పేరుతోనే, అంకగణితంలో భాగంగా నేర్పవచ్చు. అప్పుడు ‘సంఖ్యకు 5 కలిపితే 12’ సమీకరణ పాఠంలోకి రానక్కరలేదు. తరువాత విలోమం ఆగిపోయే ప్రశ్న ఇవ్వాలి. ఒక కొట్టులో 5 బస్తాల బియ్యం, విడిగా 20 కిలోలు ఉన్నాయి. మరో కొట్టులో అదే బరువున్న 3 బస్తాలు, విడిగా 120 కిలోలు ఉన్నాయి. రెండు కొట్లలోని బియ్యం సమానం. బస్తా బరువెంత? పిల్లలు మొదట ఊహిస్తారు, ఊహను సరిచూస్తారు. రెండు వైపుల నుంచీ 3 బస్తాలు తీసేయవచ్చని ఒకరికి తోచిన క్షణంలో సమశోధనం పుడుతుంది. 2 బస్తాలు 100 కిలోలు, బస్తా 50 కిలోలు.

త్రాసు ఉపమానానికి ఒక హద్దు ఉంది. త్రాసు పళ్లెంలో అప్పును పెట్టలేం. ఋణరాశులు వచ్చినచోట భాస్కరుని గుర్రాల లెక్కలాగా ధనం, అప్పుల లెక్కకు మారడం మేలు. అప్పు తీర్చడానికి ఇద్దరికీ 100 చొప్పున ఇస్తే సమానత్వం చెడదని పిల్లలకు వెంటనే బోధపడుతుంది. 3య = 12 దగ్గరా ఇదే సూత్రం పనిచేస్తుంది. మూడు సమాన రాశులు 12 అయితే, రెండు పక్షాలనూ మూడు భాగాలు చేస్తాం. ఇక్కడ ‘గుర్తు మార్చడం’ అన్న ప్రశ్నే తలెత్తదు.

రెండు పక్షాల సమస్య ఏడో తరగతికి బరువు కాదా అన్న సందేహం సహజం. బరువు సంఖ్యల్లో ఉంటే తగ్గించవచ్చు. భావంలోని బరువును మాత్రం వాయిదా వేయడమే తప్ప తప్పించడం కుదరదు. పక్షాంతర నియమంతో వాయిదా వేసినప్పుడు అది పై తరగతులలో దోషాల రూపంలో తిరిగి వస్తుంది.

7. ముగింపు

బీజమంటే బుద్ధియేనని, అక్షరాలు దానికి సహాయకాలు మాత్రమేనని భాస్కరుడు భావించాడు. పక్షాంతరం ఉపయోగకరమైన సంక్షేపం, దాన్ని విడిచిపెట్టనక్కరలేదు. కానీ అది సమశోధనం తర్వాత రావాలి, సమశోధనం దాని అవసరాన్ని చూపే సమస్య తర్వాత రావాలి. ఉపాధ్యాయ శిక్షణలో గణిత చరిత్రను పేర్లు, తేదీల పట్టికగా కాక, ఏ సమస్య ఏ పద్ధతిని కోరిందన్న విశ్లేషణగా చేర్చితే ఈ క్రమం తరగతి గదికి చేరుతుంది. మహావీరుని ప్రకీర్ణక జాతులను, మల్లన తెలుగు చేసిన లెక్కలను ఈ మూడు పద్ధతుల దృష్టితో వర్గీకరించే పని తెలుగు పరిశోధకులు చేపట్టదగినది. అలాంటి వర్గీకరణ ఏడో తరగతి ఉపాధ్యాయునికి సమస్యల నిధిగానూ పనికివస్తుంది.