పాల వాడుకలాగే పొలం వాడుక

పాలవాడి దగ్గర వాడుక పెట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. "నీళ్ళు కలిపావా?" అని దబాయిస్తాం గానీ, గేదె వట్టిపోతే నాలుగు రోజులు సర్దుకుంటాం. కూరగాయల దగ్గరకొచ్చేసరికి ఆ చుట్టరికం ఏమైపోతుందో! రెండు రూపాయలు తగ్గించలేదని పక్క బండి దగ్గరకు వెళ్ళిపోతాం.

ఆ చుట్టరికాన్ని పొలం దాకా తీసుకెళ్ళినవాళ్ళు జపాను ఇల్లాళ్ళు. 1970 ప్రాంతాల్లో, తినే తిండిలో పురుగుమందులున్నాయని తెలిసి హడలిపోయారు. హడలి ఊరుకోలేదు. పదిమందీ కూడి, మందు కొట్టని రైతును వెతుక్కుని, "నువ్వు పండించు, పండినదంతా మేం తీసుకుంటాం" అన్నారు. దాన్ని వాళ్ళు 'తేకేయ్' అంటారు. అంటే చేయి కలపడం. వంకాయ వంకరగా ఉందని వద్దనకూడదు!

1986లో అమెరికాలో రెండు పొలాలు ఇలాంటి పద్ధతే మొదలుపెట్టాయి. విత్తు వేయకముందే ఏడాది వాటా సొమ్ము కట్టేయాలి. బాగా పండితే బుట్ట నిండుతుంది. వడగళ్ళు పడితే వెలితి పడుతుంది. నష్టం రైతు ఒక్కడి నెత్తిన పడదు.

ఆ మాట విలువ ఓరుగల్లు వాళ్ళకు వేరే చెప్పాలా? 1997-98లో పత్తిమీద లద్దెపురుగు విరుచుకుపడింది. అప్పు తెచ్చి మందు కొట్టినా పురుగు చావలేదు. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వెనక మిగిలిన ఆడవాళ్ళకు పిల్లలూ, అప్పులూ మిగిలాయి.

అప్పటి వరంగల్ జిల్లాలోనే, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న ఏనబావి అనే చిన్న ఊరు వేరే దారి తొక్కింది. యాభై గడపల ఊరు. మొదట ఆముదం చేలమీద పడే ఎర్రగొంగళి పురుగును, ఊరంతా ఒక్కసారే మంటలు వేసి, దీపాలు పెట్టి పట్టింది. ఒక్కరు చేస్తే పురుగు పక్క చేనుకు పోతుంది. అందరూ చేస్తే ఎక్కడికి పోతుంది? ఆ ధైర్యంతో పురుగుమందులు మానేశారు, ఆ తరువాత రసాయనిక ఎరువులూ మానేశారు. వేపగింజల కషాయం, మిర్చీ వెల్లుల్లి ద్రావణం, పేడ ఎరువు వాటి స్థానంలోకి వచ్చాయి. జనగామలోని క్రాప్స్ సంస్థ, హైదరాబాదులోని సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడు నిలిచాయి. 2006లో ఊరు ఊరంతా సేంద్రియ గ్రామమని చాటుకుంది.

రైతులు తమ సగం చేశారు. మరి మన సగమో? 1999లో రైతుబజార్లు వచ్చి దళారీ బెడద తగ్గించాయి, సంతోషమే. కానీ అక్కడ కూడా ఒక రైతు పంట వానకు పాడైతే, మనం ఇంకొకరి గంప దగ్గరకు నడుస్తాం. నష్టం మళ్ళీ రైతుదే.

పూర్వం మన అత్తగార్లు పంటలు ఇంటికొచ్చే వేళకు తెలిసిన రైతు దగ్గర ఏడాదికి సరిపడా బియ్యం, మిరపకాయలు, చింతపండు కొని పెట్టుకునేవారు. ఆ వాడుకనే కాస్త ముందుకు జరిపి, నాట్ల వేళకే పదిళ్ళవాళ్ళం కలిసి ఒక రైతుకు కొంత సొమ్ము అందిస్తే? కూరలకన్నా బియ్యంతో మొదలుపెట్టడం సులువు, నిలవ ఉంటాయి గనుక. కూరల వంతు తరువాత వస్తుంది. అప్పుడు బీరకాయ కాస్త వంకరగా వచ్చినా, మనం మూతి వంకర తిప్పకుండా ఉంటే చాలు!