మాతా శిశు పోషణ లక్ష్యాలు – అరకు ఏజెన్సీ గణాంకాలు

మాతా శిశు పోషణలో దేశాల ప్రగతిని కొలిచేందుకు ప్రపంచ ఆరోగ్య మహాసభ 2012లో ఆరు లక్ష్యాలను నిర్దేశించింది. 2025 నాటికి ఎదుగుదల లోపించిన పిల్లల సంఖ్యను 40 శాతం, మహిళల్లో రక్తహీనతను 50 శాతం, తక్కువ బరువు జననాలను 30 శాతం తగ్గించడం, కృశించిన పిల్లలను 5 శాతంలోపునకు పరిమితం చేయడం వీటిలో ముఖ్యమైనవి. 2025లో మహాసభ గడువును 2030 వరకు పొడిగించింది.

రాష్ట్ర పరిస్థితి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16, 2019-21 సర్వేల మధ్య ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన మార్పు స్వల్పం.

- ఐదేళ్లలోపు పిల్లల్లో ఎదుగుదల లోపం: 31.4 నుంచి 31.2 శాతం
- కృశించిన పిల్లలు: 17.2 నుంచి 16.1 శాతం
- 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత: 60.0 నుంచి 58.8 శాతం

ఏజెన్సీ ప్రాంతం

సర్వే జిల్లాను ప్రమాణంగా తీసుకుంటుంది. అప్పట్లో అరకులోయ విశాఖపట్నం జిల్లాలో భాగం. నగరం, మైదానం, మన్యం మూడూ ఒకే సగటులో కలిసిపోయినందున కొండ గ్రామాల వాస్తవ స్థితి అందులో వేరుగా కనిపించదు. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది.

అందువల్ల అంగన్‌వాడీ కేంద్రాల్లో నమోదయ్యే ఎత్తు, బరువు వివరాలకు ఇక్కడ ప్రాధాన్యం ఎక్కువ. ఎదుగుదల లోపాన్ని వయసుకు తగిన ఎత్తును బట్టి నిర్ధారిస్తారు. పుట్టిన తేదీ నమోదులో పొరపాటు జరిగితే ఈ లెక్క తప్పుతుంది. కృశించడాన్ని ఎత్తుకు తగిన బరువును బట్టి నిర్ణయిస్తారు గనుక దానికి వయసుతో నిమిత్తం లేదు. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే తీవ్ర పోషకాహార లోపంగా పరిగణించి, తక్షణ వైద్యం అందించవలసి ఉంటుంది.